సార్, గిది రాసుకోవాల్నా? బడి పిల్లలకు నోట్సు నుంచి వ్యాసం దాకా

తొమ్మిదో తరగతిలో పాఠం నడుస్తుంటే పీరియడ్‌కు నాలుగుసార్లన్నా వినపడే ప్రశ్న ఇది. "సార్, గిది రాసుకోవాల్నా?" నా జవాబు అడిగినవాడికి ఎప్పుడూ నచ్చదు. "నీకు మళ్ల అక్కరొస్తదనుకుంటే రాస్కో బిడ్డా" అంటాను. వాడు పక్కవాడి పుస్తకంలోకి తొంగి చూస్తాడు. పక్కవాడు రాస్తుంటే వీడూ రాస్తాడు.

వరంగల్ చుట్టుపక్కల జిల్లా పరిషత్ బడుల్లో తెలుగు చెప్తూ చాలా ఏండ్లు గడిచాయి. నోట్సులు దిద్దీ దిద్దీ నాకు తెలిసొచ్చింది ఒకటే. వ్యాసం రాయడం రాదని ఏడ్చే పిల్లల్లో చాలామందికి లోటు వ్యాసం దగ్గర లేదు, నోట్సు దగ్గర ఉంది. ఇంట్లో సరుకు లేకుండా పొయ్యి ముట్టిస్తారు. అందుకని ఈ రెండూ విడివిడిగా చెప్పను. ఒకే విషయం పట్టుకుని, దాన్ని తరగతిలో విన్న గడియ నుంచి జవాబు పత్రం మీద వ్యాసంగా నిలిచేదాకా వెంటబడి పోదాం. విషయం మనకు దగ్గరిదే: చెరువు. ఎనిమిది నుంచి పది దాకా చదివే పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అంతకన్నా చిన్నవాళ్లకైతే అమ్మో నాన్నో పక్కన కూర్చుని చేయించాలి.

మొదటి మెట్టు: పేజీ గీసుకోవడం

రఫ్ నోట్సు, ఫెయిర్ నోట్సు అని రెండు పెట్టడం మన దగ్గర ఆనవాయితీ. తరగతిలో గీకింది ఇంటికి పోయి ఫెయిర్‌లో అందంగా ఎక్కిస్తారు. గంటసేపు అలా ఎక్కించిన పిల్లకు చదివాననే తృప్తి మిగులుతుంది, తలకెక్కింది మాత్రం ఏమీ ఉండదు. నేనూ పదో తరగతిలో అదే చేశాను. హెడ్డింగులకు ఎర్ర స్కెచ్చు, లోపలి హెడ్డింగులకు ఆకుపచ్చ, అట్ట మీద పూల బొమ్మ. సాంఘికశాస్త్రం పరీక్ష ముందు రాత్రి తెరిచి చూస్తే ఎనభై పేజీలు, అచ్చం పాఠ్యపుస్తకమే. నా రాతలో ఉంది, అంతే తేడా. ఆ ఎర్ర స్కెచ్చు పైసలకు మిర్చి బజ్జీలు తిన్నా లాభమే ఉండేది.

ఒకటే నోట్సు పెట్టండి. లాంగ్ నోట్‌బుక్ తీసుకుని పేజీలో ఎడమ వైపు నుంచి మూడో వంతు దగ్గర స్కేలుతో నిలువు గీత కొట్టండి. అడుగున ఐదారు వరుసలు వదిలి అడ్డగీత కొట్టండి. కుడివైపు పెద్ద గడి తరగతిలో రాసుకోవడానికి. ఎడమవైపు సన్న గడి తరగతిలో ముట్టొద్దు, అది సాయంత్రానికి. అడుగు గడి ఆ పేజీ సారాన్ని రెండు వాక్యాల్లో మీ మాటల్లో రాయడానికి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ అనే అధ్యాపకుడు 1950ల్లో తన విద్యార్థుల కోసం పెట్టిన పద్ధతి ఇది. అందుకే కార్నెల్ నోట్సు అంటారు. మనకు పేరుతో పని లేదు, గీతతోనే పని.

పేజీ నెత్తిన మూడు సంగతులు రాయండి: తేదీ, పాఠం పేరు, పాఠ్యపుస్తకంలో పేజీ నంబరు. మూడోదాన్ని అందరూ వదిలేస్తారు. పరీక్షలప్పుడు అనుమానమొస్తే పుస్తకమంతా తిరగేసేది ఆ వదిలేసినవాళ్లే. ఇంకో మాట, లెక్కల నోట్సుకు ఈ గీతలు అంతగా నప్పవు. వాటి జోలికి పోవద్దు.

రెండో మెట్టు: విని ఏరుకోవడం

తెలుగు రాత ఇంగ్లిషంత వడిగా సాగదు. గుణింతం పెట్టాలి, ఒత్తు కిందికి దించాలి. సారు మాట్లాడే వేగంతో అక్షరం అక్షరం పట్టుకోవాలని చూస్తే రెండో వాక్యం దగ్గరే బండి ఆగిపోతుంది. అందుకే అన్నీ రాయొద్దు. ఏది రాయాలో చెప్పే గుర్తులు టీచర్ మాటల్లోనే ఉంటాయి. ఒకే సంగతి రెండుసార్లు చెప్తే అది రాయాలి. బోర్డు మీద రాసిన పేరు, సంవత్సరం రాయాలి. "మూడు కారణాలున్నయ్" అన్నారంటే వెంటనే 1, 2, 3 అంకెలు ఒకదాని కింద ఒకటి వేసి పెట్టుకోవాలి. మూడోది వినకపోతే ఖాళీ గడి మిమ్మల్ని వెక్కిరిస్తుంది, అడిగి నింపుతారు. "అందువల్ల", "కానీ", "దీనికి విరుద్ధంగా" అనే మాటలు వినపడితే చెవి నిక్కబొడుచుకోవాలి. పాఠం మలుపు తిరిగేది అక్కడే.

మా తరగతిలో జరిగే మాట ఒకటి ఉన్నదున్నట్టు పెడతాను:

"మన దిక్కు నేల ఎత్తుపల్లాలు. పెద్ద నది నీళ్లు మళ్లించుకునే వీలు తక్కువ, వానే దిక్కు. అందుకని కాకతీయుల కాలంల ఏం చేసిన్రు? వాగుకు అడ్డంగ, రెండు గుట్టల నడుమ కట్ట పోసి వాన నీళ్లు ఆపిన్రు. ఒక చెరువు నిండితే మత్తడి, అంటే అలుగు, దుంకి ఆ నీళ్లు కింది చెరువులకు పోతయ్. దీన్నే గొలుసుకట్టు అంటరు. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఏలిండు. ఆయన సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటల 1213ల గుడి కట్టించిండు, పక్కనే చెరువు కట్టించిండు. గదే రామప్ప చెరువు. నర్సంపేట దిక్కున్న పాకాల సుత గణపతిదేవుని కాలందే."

దీనికి ఒక పిల్లవాడు రాసుకున్న నోట్సు: "మన వైపు నేల ఎత్తుపల్లాలుగా ఉంటుంది. పెద్ద నది నీళ్లు మళ్లించుకునే వీలు తక్కువ. వానే..." అక్కడితో ఆగిపోయింది. తర్వాతి వరుసలో "1213" అని ఒంటరి అంకె. అది గుడిదా, చెరువుదా, రాజుదా వాడికే తెలియదు.

ఇంకో అమ్మాయి కుడి గడిలో రాసుకున్నది:

నేల ఎత్తుపల్లం, నది నీళ్లు తక్కువ → వానే ఆధారం → చెరువులు
కట్ట: వాగుకు అడ్డంగా, 2 గుట్టల నడుమ
గొలుసుకట్టు = పై చె. నిండితే మత్తడి → కింది చె.
గణపతి. 1199–1262
రేచర్ల రుద్రుడు (సేనాని), పాలంపేట, 1213: గుడి + రామప్ప చె.
పాకాల కూడా గణపతి. కాలం

ఆరు వరుసలు. ఇందులో నాకు బాగా నచ్చింది మొదటి వరుసలోని బాణం గుర్తులు. విషయాన్నే కాదు, విషయాల నడుమ ఉన్న సంబంధాన్ని కూడా పట్టుకుంది. రేపు వ్యాసంలో పేరా అయ్యేది ఆ బాణాలే.

పొట్టి రాతకు ఒక హెచ్చరిక

పొడి అక్షరాలు, గుర్తులు ఎవరికి వాళ్లు తయారు చేసుకోవచ్చు. శతాబ్దానికి శ., ప్రభుత్వానికి ప్ర., దారితీసింది అనడానికి బాణం, పెరిగింది అనడానికి పైకి బాణం, తగ్గింది అనడానికి కిందికి బాణం, అనుమానమున్న చోట ప్రశ్నార్థకం. క్రియల తోకలు కోసేయొచ్చు. "నిర్మించారు" బదులు "నిర్మిం." చాలు.

కానీ వారం తర్వాత మీరే చదువుకోలేని పొట్టి రాత పొట్టిదైనా దండగే. ఒక పిల్లవాడు రుద్రదేవుడికీ రు.దే. అనే రాశాడు, రుద్రమదేవికీ రు.దే. అనే రాశాడు. ఎస్‌ఏ (టర్ము చివరి పెద్ద) పరీక్షలో వాడి వ్యాసంలో హనుమకొండ వేయి స్తంభాల గుడిని రుద్రమదేవి కట్టించింది. గుడి 1163 నాటిది, కట్టించింది రుద్రదేవుడు. రుద్రమ గద్దెనెక్కింది 1262లో. దాదాపు నూరేండ్ల తేడా, రెండు చుక్కల వల్ల. మార్కు పోయినందుకు కాదు, "గుడి కట్టించిన వీరనారి" అని వాడు ఆమె మీద అరపేజీ పొగడ్త కూడా రాసినందుకు నవ్వాగలేదు. అప్పటి నుంచి మా తరగతిలో ఒక కట్టుబాటు ఉంది: మనుషుల పేర్లు, ఊర్ల పేర్లు మొదటిసారి వచ్చినప్పుడు నిండుగా రాయాలి. కుదించేది రెండోసారి నుంచే.

మూడో మెట్టు: అదే సాయంత్రం పది నిమిషాలు

ఇది తప్పితే పైన చెప్పినదంతా దండగ. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు అర్థం లేని అక్షరాల కూర్పులు కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మరచిపోతున్నాడో తన మీద తానే పరీక్షించుకుని 1885లో పుస్తకం వేశాడు. ఆయన గమనించిన సంగతి ఇది: మరుపు మొదట్లోనే జోరుగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అంటే పరీక్ష ముందు వారం కన్నా పాఠం విన్న రోజు సాయంత్రమే విలువైనది. పాలు విరగకముందే కాచుకోవాలి.

ఆ పది నిమిషాల్లో చేయాల్సిన పని ఇది. కుడి గడి చదివి, ప్రతి సంగతికీ ఎదురుగా ఎడమ గడిలో ఒక ప్రశ్న రాయండి. పై ఆరు వరుసలకు ఆ అమ్మాయి రాసిన ప్రశ్నలు: "మన దగ్గర చెరువులే ఎందుకు?", "గొలుసుకట్టు అంటే?", "రామప్ప చెరువు ఎవరు, ఎప్పుడు?" ఇంకొకటి కూడా రాసింది: "నడుమ చెరువు తెగితే కింది వాటి గతేంది?" దానికి కుడివైపు జవాబు లేదు. సారు చెప్పలేదు. అదే మంచి నోట్సుకు గుర్తు, మనసులో కొత్త ప్రశ్న పుట్టాలి. మర్నాడు ఆ పిల్ల లేచి అడిగింది, ఆ పీరియడ్ అంతా దాని మీదే గడిచింది.

తర్వాత కుడివైపును చేత్తో మూసి, ఎడమవైపు ప్రశ్నలకు జవాబులు పైకి చెప్పండి. మనసులో కాదు, పైకి. మనసులో అయితే అన్నీ వచ్చినట్టే ఉంటాయి. రాని దాని పక్కన చుక్క పెట్టండి. మర్నాడు చుక్కలున్నవే చూడండి, వారం తర్వాత మళ్లీ, ఎఫ్‌ఏ (నడుమ నడుమ పెట్టే చిన్న పరీక్ష) ముందు మళ్లీ. ప్రతిసారీ చుక్కలు తగ్గుతుంటాయి. అడుగు గడిలో రెండు వాక్యాల సారం పుస్తకం చూడకుండా రాయండి. ఈ రెండు వాక్యాలు రాయలేకపోతే పాఠం అర్థం కాలేదన్నట్టే.

వాట్సాప్‌లో తిరిగే నోట్సు ఫోటోలు, పీడీఎఫ్‌లు ఉంటే ఉంచుకోండి. బడికి పోని రోజు కోసం అక్కరకొస్తాయి. వేరేవాళ్ల నోట్సుతో చదవడం వేరేవాళ్ల చెప్పులతో నడవడం, దూరం పోయేసరికి కరుస్తుంది.

పుస్తకం నుంచి, మనిషి నుంచి

పాఠ్యపుస్తకం చదివేటప్పుడు మొదటిసారి పెన్ను మూసి పెట్టండి. పెన్ను చేతిలో ఉంటే ప్రతి వాక్యం కిందా గీత పడుతుంది, చివరికి గీత పడని వాక్యమే ప్రత్యేకంగా కనపడుతుంది. రెండోసారి చదువుతూ ఒక పేరాకు ఒక వరుస చొప్పున రాయండి. గైడ్లలో జవాబులు తయారుగా ఉంటాయి, వాటి నుంచి నోట్సు తీయడానికి ఏమీ మిగలదు.

మనుషుల నుంచి నోట్సు తీసుకోవడం మన పిల్లలకు ఎవరూ నేర్పరు. ప్రాజెక్టు పనుల్లో మాత్రం "మీ ఊరి చెరువు గురించి పెద్దలను అడిగి రాయండి" అని ఇస్తాం. పిల్లలు పోరు, ఇంట్లో కూర్చుని అల్లేస్తారు. పోయిన పిల్లలు తెచ్చే సరుకు చూడాలి! తూము ఎవరు తీస్తారు, నీరటి అంటే ఎవరు, శిఖం భూమిలో (చెరువు లోపలి నేలలో) ఎండాకాలం ఏం పండించేవాళ్లు, పూడిక మట్టి బండ్లకెత్తి పొలాలకు తోలితే పంట ఎట్లుండేది. ఇవేవీ గైడులో దొరకవు.

అడిగేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ముందే ఐదు ప్రశ్నలు రాసుకుని పోవాలి. "తాతా, చెరువు గురించి చెప్పు" అంటే తాత తన పెండ్లి నుంచి మొదలుపెడతాడు. "చెరువు తెగిన ఏడు నీకు యాదికున్నదా తాతా?" అంటే సూటిగా వస్తాడు. ఆయన వాడిన మాటను మార్చకుండా రాసుకోవాలి. ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ రోజు అనేది పక్కన వేయాలి. ఇంకోటి, విన్న కథ పక్కన "అంటారు" అని రాసుకోవాలి. రామప్ప గుడికి ఆ పేరు దాన్ని చెక్కిన శిల్పి పేరు మీద వచ్చిందంటారు. గుడి కట్టించింది రేచర్ల రుద్రుడని మాత్రం అక్కడి శాసనమే చెప్తుంది. రెండూ వ్యాసంలో రావొచ్చు, ఒకే గొంతుతో రాకూడదు.

వ్యాసం మొదలయ్యేది ప్రశ్న దగ్గర

ఇప్పుడు పరీక్ష పేపరులో ఇట్లా వచ్చిందనుకోండి: "చెరువు ఊరికి ప్రాణం. ఈ మాటను సమర్థిస్తూ వ్యాసం రాయండి."

సగం మంది "చెరువు" అనే మాట కనపడగానే పరుగు తీస్తారు. ప్రశ్నలో పని చెప్పే మాట వెతకాలి. వివరించండి అంటే ఎట్లా జరుగుతుందో చెప్పాలి. పోల్చండి అంటే రెండింటినీ పక్కపక్కన పెట్టాలి. విశ్లేషించండి అంటే విడదీసి, కారణం ఏదో, ఫలితం ఏదో తేల్చాలి. సమర్థించండి అంటే "అవును, ఎందుకంటే" అని సాక్ష్యం చూపాలి. ఇక్కడ అడిగింది చెరువుల చరిత్ర కాదు. ఊరికి ప్రాణం అనే మాట నిజమని నిరూపించమన్నారు.

నిరూపించేముందు మీ జవాబు ఒక్క వాక్యంలో రఫ్‌గా రాసుకోండి. "చెరువు చాలా ఉపయోగకరమైనది" అని రాస్తారు చాలామంది. ఇది ఎవరూ కాదనలేని మాట, అందుకే ఇందులోంచి ఏమీ పుట్టదు. కాస్త మెడ మీద కత్తి పెట్టుకున్నట్టు రాయాలి: "చెరువు పొలానికే కాదు, ఊరి బావులకు, చేపలు పట్టేవాళ్ల బతుకులకు, బతుకమ్మకు కూడా ఆధారం, అందుకే చెరువు ఎండితే ఊరు మొత్తం ఎండుతుంది." ఈ వాక్యంలో నాలుగు సంగతులున్నాయి. నాలుగు పేరాలు ఇక్కడే దొరికాయి.

సరుకు ఏరడం

నోట్సులోంచి గుర్తున్న ముక్కలన్నీ ఒక మూల రాసుకోండి. మా తరగతిలో ఒకసారి బోర్డు మీద అందరివీ కలిపి వేస్తే ఇవి వచ్చాయి: గణపతిదేవుడు, 1213, నీళ్ల మీద తేలే ఇటుకలు, గొలుసుకట్టు, మత్తడి, నీరటి, బావుల్లో నీటి మట్టం, చేపలు, బతుకమ్మ నిమజ్జనం, పూడిక, శిఖం కబ్జాలు, 2015లో మొదలైన మిషన్ కాకతీయ, 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు.

ఇందులో రెండు కొట్టేయాలన్నాను. ఏవో చెప్పమంటే ఎవరికీ చేయి రాలేదు. తేలే ఇటుకలు, యునెస్కో. రెండూ గుడికి సంబంధించినవి, చెరువుకు కావు. ఒక పిల్ల మొహం మాడ్చుకుంది, "సార్, గది మంచి పాయింట్ సార్!" అని. మంచి పాయింటే తల్లీ, రామప్ప గుడి మీద వ్యాసం వచ్చిన రోజు మొదటి వరుసలో పెట్టు. తెలిసిందంతా కుక్కాలనే ఆశ దగ్గరే మంచి విద్యార్థుల వ్యాసాలు చెడిపోతాయి. తెలియనివాళ్లకు ఆ బాధ లేదు.

మిగిలినవాటికి వరుస కావాలి. నేను రెండు వరుసలు చూపిస్తుంటాను. ఒకటి, వాడుక ప్రకారం: సాగు, బావులు, బతుకులు, పండుగ, ఇప్పటి దుస్థితి. తప్పు లేదు, అందరూ ఇదే రాస్తారు. రెండోది, నీళ్ల వెంట నడవడం: వాన పడింది, కట్ట ఆపింది, తూము తెరిచారు, పొలం తడిసింది, బావి ఊరింది, మిగిలింది మత్తడి దుంకి కింది ఊరికి పోయింది. నాకు రెండోదే ఇష్టం. నీళ్లే వరుస చూపిస్తాయి, మరచిపోయే భయం లేదు, ఒక పేరా నుంచి ఇంకో పేరాలోకి జారడం కూడా సులువు.

మొదటి పేరా

"నేటి ఆధునిక యుగంలో నీరు మానవునికి ఎంతో అవసరం. నీరు లేనిదే జీవం లేదు." నలభై పేపర్లు దిద్దితే పాతికైనా ఇట్లాగే మొదలవుతాయి. దీనికి ఒక పరీక్ష ఉంది. "నీరు" తీసి "చెట్టు" పెట్టండి, "విద్య" పెట్టండి. వాక్యం చెక్కుచెదరకుండా నిలబడుతుంది కదా? అట్లా ఏ వ్యాసానికైనా అతికే వాక్యం మీ వ్యాసానిది కాదు, కొట్టేయండి.

మీ ఊళ్లోంచి మొదలుపెట్టండి. "వానాకాలంలో మా ఊరివాళ్లు కలిస్తే అడిగే మొదటి మాట 'మత్తడి దుంకిందా?' అని. ఆ ఏడు నాట్లు వేయాలో వద్దో, వేసవిలో బావి అడుగంటుతుందో లేదో ఆ ఒక్క మాటతో తేలిపోతుంది." రెండే వాక్యాలు. ప్రాణం అనే మాట వాడకుండానే ప్రాణమని చూపించింది. దిద్దేవాళ్లు ఇక్కడ పెన్ను ఆపి చదువుతారు, నా మాట నమ్మండి.

పేరా ఎట్లా కట్టాలి

ఒక పిల్లవాడి నడిమి పేరా ఇది: "చెరువుల వల్ల భూగర్భ జలాలు పెరుగుతాయి. చెరువుల వల్ల వ్యవసాయం జరుగుతుంది. చెరువుల వల్ల చేపలు దొరుకుతాయి. కాకతీయులు చెరువులు కట్టించారు." నాలుగూ నిజాలే. కానీ బస్టాండులో నిలబడ్డ నలుగురు ప్రయాణికుల్లాగా ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉన్నాయి.

వాడినే కూర్చోబెట్టి, ఒక్క గొలుసుకట్టు సంగతి తీసుకుని రాయమన్నాను. మూడో ప్రయత్నంలో ఇట్లా వచ్చింది:

"మా దిక్కు చెరువులు ఒంటరివి కావు. పై ఊరి చెరువు నిండితే మత్తడి దుంకిన నీళ్లు కింది ఊరి చెరువులో చేరతాయి. అందుకే వీటిని గొలుసుకట్టు చెరువులు అంటారు. అంటే కట్ట పోసినవాళ్లు తమ ఊరి పొలాన్నే కాక కింది ఊరి దాహాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. కాకతీయుల కాలంలో, 1213 ప్రాంతంలో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప చెరువు ఎనిమిది వందల ఏండ్ల తర్వాత కూడా పొలాలకు నీళ్లిస్తోంది. కానీ గొలుసులో ఒక్క చెరువు శిఖం కబ్జా అయినా, పూడిక నిండినా, దాని కింద ఉన్నవన్నీ ఎండుతాయి."

మొదటి వాక్యం ఒక మాట అన్నది. రెండోది అదెట్లాగో చూపింది. నాలుగోది దాని వెనకున్న ఆలోచన పట్టుకుంది. ఐదోది సాక్ష్యం, పేరూ సంవత్సరంతో. చివరిది తర్వాతి పేరాకు తలుపు తీసింది, అక్కడ పూడికతీత గురించి, మిషన్ కాకతీయ గురించి రాయొచ్చు. ప్రతి పేరా అచ్చం ఇదే కొలతతో ఉండాలని కాదు. బతుకమ్మ పేరాకు సంవత్సరాలు అక్కర్లేదు. చెరువు ఎండిన ఏడు తాంబాళంలో నీళ్లు పోసి బతుకమ్మను అందులో వదిలారని మీ అమ్మమ్మ చెప్పి ఉంటే ఆ ఒక్క సంగతే చాలు.

చివరి పేరా దగ్గర "కావున మనమందరం చెరువులను కాపాడుకుందాం, భావితరాలకు అందిద్దాం" అని నినాదం రాయకండి. అది కరపత్రానికి పనికొస్తుంది. మొదటి పేరాలో మత్తడితో మొదలుపెట్టారుగా, మళ్లీ మత్తడి దగ్గరికే పోయి, ఈ ఏడు మీ ఊళ్లో అది దుంకిందో లేదో చెప్పి ఆపేయండి.

ఏ తెలుగు రాయాలి?

ఇది పిల్లలు నన్ను గుసగుసగా అడిగే ప్రశ్న. "ఇంట్ల మాట్లాడినట్టు రాస్తే మార్కులు కట్ చేస్తరా సార్?" ఏటా సెప్టెంబరు 9న, కాళోజీ పుట్టినరోజున, తెలంగాణ భాషా దినోత్సవం జరుపుతాం. వ్యాస పోటీలు పెడతాం. ఆ పోటీల్లో కూడా పిల్లలు "అలుగు" అనే రాస్తారు, ఇంట్లో "మత్తడి" అంటూ.

నా లెక్క ఇది. క్రియలు, వాక్యం నడక పాఠ్యపుస్తకంలోని వ్యావహారికం లాగా ఉండనివ్వండి. "పోయిండ్రు", "చేసిన్రు" సంభాషణల్లో, ఎవరో అన్న మాటల్లో పెట్టండి. వస్తువుల పేర్లు, పనుల పేర్లు మాత్రం మీ ఊరివే రాయండి: మత్తడి, తూము, శిఖం, నీరటి, నాట్లు. వీటిని మార్చితే చెరువు మీ ఊరిది కాకుండా పోతుంది.

"మరియు", "యొక్క", "కలదు" ఎక్కడున్నా అనుమానంగా చూడండి. "రాముడు మరియు సీత" అని మీ ఇంట్లో ఎవరూ అనరు. "రాముడూ సీతా" అంటారు. "చెరువు యొక్క కట్ట" కాదు, చెరువు కట్ట. ఇక అక్షరదోషాల్లో నేను ఎక్కువగా సున్నా చుట్టేవి: అర్థం, అర్ధం. ఒత్తు థ ఉన్నది భావం, ఒత్తు ధ ఉన్నది సగం. "విద్యార్ధి" అని రాస్తే తప్పు, విద్యార్థి. "ప్రాధాన్యత" కాదు, ప్రాధాన్యం లేదా ప్రధానత. ళ, ల దగ్గర తడబడితే మాటను పైకి అనండి, నాలుక మడత పడుతుందా లేదా తెలిసిపోతుంది. శ, ష, స మాత్రం పలికితే తేలవు, చూసి చూసి అలవాటు కావాల్సిందే.

పరీక్ష హాలులో

వ్యాసానికి ఇరవై నిమిషాలు చేతిలో ఉంటే మొదటి నాలుగు రాయకుండా ఆలోచించడానికి, చివరి మూడు చదువుకోవడానికి. పక్కవాడు అడిషనల్ షీటు అడిగాడని కంగారు పడొద్దు. ఆ నాలుగు నిమిషాల్లో ఒక్క వాక్యం జవాబు, నాలుగు ముక్కల వరుస రాసుకుని, తర్వాత దాని మీద అడ్డగీత కొట్టండి. టైము చాలదనిపిస్తే ఒక పేరా మొత్తం వదిలేయండి, అన్నీ సగం సగం రాయకండి. సంవత్సరం గుర్తు రాకపోతే ఊహించి వేయొద్దు, "కాకతీయుల కాలంలో" అంటే సరిపోతుంది.

దిద్దుకోవడం

ఇంట్లో రాసిన వ్యాసాన్ని పైకి చదవండి, ఎవరికైనా వినిపించండి. ఊపిరి అందని చోట వాక్యం పొడుగైనట్టు. మీరే తడబడ్డ చోట మాట సరిగ్గా కుదరనట్టు. వినేవాళ్లకు చదువు లేకపోయినా పర్లేదు, ఒక్కోసారి అదే మేలు.

నర్సంపేట దగ్గరి ఊరి పిల్ల ఒకామె తన చెరువు వ్యాసాన్ని తాతకు వినిపించిందట. "సర్పంచ్ గారు తూము తెరిచి రైతులందరికీ నీరు వదులుతారు" అనే వరుస రాగానే తాత చేయెత్తి ఆపాడట. "సర్పంచ్ ఎందుకు తీస్తడు బిడ్డా, నీరటోడు తీస్తడు. ఏ మడికి ఎంతసేపు పారాల్నో వానికే ఎరుక." మర్నాడు ఆమె నోట్సు నా బల్ల మీదికొచ్చింది. ఆ వాక్యం కొట్టేసి ఉంది. ఎడమ గడిలో కొత్త ప్రశ్న: "నీరటికి జీతం ఎవరిస్తరు?"